ఫార్మాట్ కొట్టే ముందు

హైదరాబాద్‌లో ఇంటి కంప్యూటర్‌కు ఏ చిక్కు వచ్చినా వినిపించే మాట ఒక్కటే: ‘ఫార్మాట్ కొట్టాలి’, అంటే డిస్కు తుడిచి విండోస్ మళ్ళీ ఎక్కించాలి. ప్రింటర్ డ్రైవర్ ఎక్కకపోతే ఫార్మాట్. ఆఫీస్ ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోతే ఫార్మాట్. పిల్లవాడి ఆన్‌లైన్ పరీక్షకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఎర్రర్ చూపిస్తే ఫార్మాట్. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు సీపీయూ డబ్బా మోసుకుపోయినా, కాలనీ మలుపులో జిరాక్స్ మెషిన్ పక్కన కూర్చునే కుర్రవాణ్ణి అడిగినా, తెర మీద ఎర్రర్ ఇంకా కనబడుతూ ఉండగానే, దాన్ని ఎవరూ చదవకుండానే తీర్పు వెలువడుతుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడం అన్న సామెత మన పెద్దలు కంప్యూటర్లు పుట్టకముందే చెప్పి పెట్టారు.

ఈ తీర్పు చాలాసార్లు తప్పని నా వాదన. అంతకంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. ఇన్‌స్టలేషన్ ఎర్రర్‌కు కారణం పట్టుకోగలిగిన మనిషి టెక్నీషియన్ కాదు, ఆ కంప్యూటర్ ముందు రోజూ కూర్చునే ఇంటివాళ్ళే. ఎందుకంటే లోపం కొత్తగా ఎక్కించబోయే సాఫ్ట్‌వేర్‌లో ఉండటం తక్కువ. అంతకుముందు ఆ యంత్రంలో జరిగినదానిలో ఉండటం ఎక్కువ. పోయిన నెల తీసేసిన యాంటీవైరస్, సగంలో కరెంటు పోయిన అప్‌డేట్, ఎప్పుడో ఎవరో ఎక్కించిన పాత వెర్షన్, నిండిపోయిన సీ డ్రైవ్. ఈ చరిత్ర ఇంట్లోవాళ్ళకు తెలుసు. దుకాణంలో కూర్చున్న మనిషికి తెలియదు, తెలుసుకునే తీరికా అతనికి లేదు.

తీరిక లేదన్నది నింద కాదు, లెక్క. ఫార్మాట్ చేసి విండోస్ ఎక్కించడానికి మనిషి చేయవలసిన పని కొంచెమే. పెన్‌డ్రైవ్ పెట్టి, నాలుగు మీటలు నొక్కి, అది నడుస్తూ ఉండగా ఇంకో రెండు యంత్రాలు చూసుకోవచ్చు. ఎంత సేపట్లో అవుతుందో, ఎంత తీసుకోవాలో ముందే తెలుసు. కారణం వెతకడం అలాంటిది కాదు. అది పది నిమిషాల్లో దొరకవచ్చు, పొద్దు గుంకినా దొరకకపోవచ్చు. ‘పొద్దున్నుంచీ వెతికాను, దొరకలేదు, నా శ్రమకు ఇంత ఇవ్వండి’ అని ఏ కుర్రవాడైనా అడిగితే మనం ఇస్తామా? అయిన పనికే బేరమాడే జాతి మనది. కాబట్టి అతను తనకు లాభమైన దారి ఎంచుకుంటాడు. అది మనకూ లాభమని మనం నమ్మడం దగ్గరే పేచీ.

ఫార్మాట్‌తో పోయేదేమిటో చూడండి. అసెంబుల్డ్ కంప్యూటర్ కొంటే డిస్కును సీ, డీ, ఈ అని ముక్కలు చేసి ఇవ్వడం ఇక్కడ ఆనవాయితీ. ‘సీ ఒక్కటే చెరుపుతాం సార్, డీలో ఉన్నవి భద్రం’ అంటారు. మాట నిజమే. కానీ డెస్క్‌టాప్ మీద కనబడేవన్నీ, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డులు, ఇవన్నీ ఎవరూ మార్చకపోతే ఉండేది సీలోనే. నలుగురిలో ముగ్గురు ఫైళ్ళు పెట్టుకునేది డెస్క్‌టాప్ మీదే అని నా అనుమానం. మా బంధువుల్లోనైతే నలుగురికి నలుగురూ. నేను డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కూర్చే పని, చేసి బతికినవాణ్ణి గనుక ఇంకో నష్టం నాకు మరీ కళ్ళకు కడుతుంది. ఫాంట్లు ఉండేది కూడా సీ డ్రైవ్‌లోనే. యూనికోడ్ (అన్ని లిపులకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాల పద్ధతి) కాని పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పుస్తకం, ఆ ఫాంటు పోయిన రోజున, అర్థం పర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల గుట్టగా మారుతుంది. ఫైలు డీలో భద్రంగానే ఉంటుంది, చదివే వీలు మాత్రం ఉండదు. చిక్కడపల్లి, హిమాయత్‌నగర్ డీటీపీ సెంటర్లలో ఇలా పోయిన ఫాంటు కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసుకోవడం నేను చూసిన మామూలు విషయం.

కొత్తగా వచ్చిపడిన ప్రమాదం ఇంకొకటి. 2024లో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 వెర్షన్ మొదలు, కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా యంత్రాల్లో డిస్కు ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే చదవలేకుండా డిస్కుకు తాళం వేయడం, దానంతటదే మొదలవుతుంది. దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లో దాచబడుతుంది. ఎవరి అకౌంట్‌లో? తొందరలో ఉన్న టెక్నీషియన్ తన ఈమెయిల్‌తోనే పని కానిచ్చేస్తే, మీ ఇంటి తాళంచెవి అతని దగ్గర. ఆరు నెలల తరవాత ఒక ఉదయం నీలిరంగు తెర ఆ 48 అంకెలూ అడిగినప్పుడు ఆ కుర్రవాడు ఏ దుకాణంలో ఉంటాడో ఎవరు చెప్పగలరు?

సరే, ఎర్రర్ సంగతికి వద్దాం. తెర మీద ఎర్రర్ పెట్టెలో కనబడే అంకెలు చూస్తే బెదురు పుట్టే మాట నిజం. కానీ అవి ఊరికే వేసిన అంకెలు కావు. సున్నా, ఎక్స్ తరవాత 8007 అని మొదలైతే, వెనక ఉన్న నాలుగు అంకెలు విండోస్ తనలో తాను వాడుకునే మామూలు ఎర్రర్ నంబరు, మన లెక్కలా పది కాక పదహారు ఆధారంగా రాసినది. 80070005 అంటే 5: అనుమతి లేదు. 80070002 అంటే 2: కావలసిన ఫైలు కనబడలేదు. 80070070లో 70ని మన లెక్కలోకి మార్చితే 112: డిస్కులో చోటు లేదు. 80070643లో 643ని అలాగే విడదీస్తే ఆరు 256లు, నాలుగు పదహార్లు, ఒక మూడు, మొత్తం 1603. ఇన్‌స్టలేషన్ విఫలమైంది అని చెప్పే విండోస్ ఇన్‌స్టాలర్ నంబరు అదే. ఇంకో నంబరు 1618: వేరే ఇన్‌స్టలేషన్ ఇప్పటికే నడుస్తోంది, అది అయ్యేదాకా ఆగు. ఆగితే సరిపోయేదానికి డిస్కు మొత్తం తుడిపించుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అయితే ఈ నంబర్లన్నీ సత్యహరిశ్చంద్రులని నేననను. 1603 దాదాపు ఏమీ చెప్పని నంబరు. ఎందుకు విఫలమైందంటే మౌనం. ఇంకా ఘోరం 2024 జనవరిలో జరిగింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ పంపిన కేబీ5034441 అనే అప్‌డేట్ ఎన్నో యంత్రాల్లో 80070643 చూపించి ఆగిపోయింది. అసలు కారణం, డిస్కులో ఓ మూల దాగి ఉండే రికవరీ పార్టిషన్ అనే ముక్కలో 250 మెగాబైట్ల ఖాళీ లేకపోవడం. చోటు చాలలేదని చెప్పవలసిన చోట ఇన్‌స్టలేషన్ విఫలమైందని చూపించవచ్చునని ఆ కంపెనీయే తన వివరణలో రాసుకుంది. సీ డ్రైవ్‌లో వంద గిగాబైట్లు ఖాళీగా ఉన్న మనిషికి, కనబడని పార్టిషన్ ఇరుకైందని ఎలా తట్టాలి? ఇక్కడ తప్పు వాడేవాళ్ళది కాదు, టెక్నీషియన్‌దీ కాదు. ‘ఏదో పొరపాటు జరిగింది’ అని ఒక్క వాక్యం తెర మీద పడేసి చేతులు దులుపుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈ ఫార్మాట్ వ్యాపారానికి పరోక్షంగా పెట్టుబడి పెడుతున్నాయి.

పెట్టె మూగబోయినా యంత్రం లోపల రాసి పెట్టుకుంటుంది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైపు చేస్తే ఒక పట్టీ తెరుచుకుంటుంది. విండోస్ విస్టా కాలం నుంచీ ఉంది, చూసినవాళ్ళు మాత్రం అరుదు. ఏ రోజు ఏది ఎక్కింది, ఏది విఫలమైంది, ఏ ప్రోగ్రామ్ కూలింది అన్నీ తేదీల వారీగా అందులో ఉంటాయి. నేను చెబుతున్న ఇంటి చరిత్ర అంటే ఇదే. ‘పద్నాలుగో తేదీదాకా బాగానే ఉంది, ఆ రోజు సాయంత్రం ఏం ఎక్కించారు?’ అని అడిగితే, పట్టీ ఒక పేరు చూపిస్తుంది, ఇంట్లో ఒకరికి ఒక సంగతి గుర్తొస్తుంది. ఆ రెండూ కలిసే చోటు దుకాణంలో లేదు. ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్ళు ప్రోగ్రాములు తాత్కాలిక ఫైళ్ళు పెట్టుకునే టెంప్ ఫోల్డర్ తెరిచి, తేదీ ప్రకారం పేర్చి, అప్పుడే పుట్టిన లాగ్ ఫైలు, అంటే జరిగిన పని చిట్టా, చూడవచ్చు. విండోస్ ఇన్‌స్టాలర్ రాసే వివరమైన లాగ్ వేల వరుసలు ఉంటుంది. అదంతా చదవనక్కరలేదు. ‘రిటర్న్ వాల్యూ 3’ అన్న ముక్కను ఇంగ్లిష్‌లో వెతికి, దొరికినచోట దాని పైన ఉన్న కొన్ని వరుసలు చదివితే పని ఎక్కడ చెడిందో చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది.

ఇంతకంటే ముందు చేయవలసింది రీస్టార్ట్. ఈ మాట అనగానే అందరూ ‘చేశాం, షట్ డౌన్ చేసి మళ్ళీ ఆన్ చేశాం’ అంటారు. రెండూ ఒకటి కావు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల, షట్ డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని పూర్తిగా ఆపదు. ఉన్నదున్నట్టు డిస్కు మీద దాచి, ఆన్ చేయగానే మళ్ళీ తెచ్చుకుంటుంది. అందుకే తొందరగా లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ మొదటినుంచి మొదలవుతాయి. ఒక సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడు, అప్పటికి వాడుకలో ఉన్న ఫైళ్ళను చెరపడం కుదరక, ‘వచ్చేసారి మొదలైనప్పుడు చెరుపు’ అని విండోస్ చీటీ రాసి పెట్టుకుంటుంది. షట్ డౌన్ చేసి ఆన్ చేసినంత మాత్రాన ఆ చీటీ వంతు రాకపోవచ్చు. రోజూ రాత్రి కంప్యూటర్ ఆపే బుద్ధిమంతుల ఇళ్ళలోనే ఈ చిక్కు వస్తుంది, అదీ విచిత్రం.

ఇక మా బాబాయి కథ. నల్లకుంటలో ఉంటారు, ఉద్యోగం నుంచి రిటైరయ్యారు, జాతకాలు వేస్తారు. తెలుగంటే ప్రాణం. కొత్త కంప్యూటర్‌లో అకౌంట్ పేరు అడిగితే, ఆన్‌లైన్ అకౌంట్ల జోలికి పోకుండా తన పేరు తెలుగులోనే టైపు చేశారు. విండోస్ వద్దనలేదు, ఆ పేరుతోనే ఫోల్డర్ తయారుచేసింది. అన్నీ బాగానే నడిచాయి. తన పాత జాతకం సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే మాత్రం, ఫైలు తయారు చేయలేకపోతున్నానని ఎర్రర్. కాలనీ దుకాణంలో చెప్పిన మందు మీకు తెలుసు.

నేను వెళ్ళి ఆ పెట్టె చదివాను. అందులో ఫోల్డర్ దారి ఇచ్చి ఉంది: సీ, యూజర్స్, ఆ తరవాత వరుసగా ప్రశ్నార్థకాలు. బాబాయి పేరు ఉండవలసిన చోట అక్షరానికొక ప్రశ్న. యూనికోడ్ రాకముందు ఒక్కో లిపికీ ఒక్కో కోడ్ పేజీ, అంటే ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక, ఉండేది. థాయ్‌కి 874, హీబ్రూకి 1255, అరబ్బీకి 1256 అని విండోస్ కేటాయించింది. తెలుగుకు అలాంటిది ఎన్నడూ ఇవ్వలేదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది, విండోస్‌లో మాత్రం 2001లో ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు తోడుగా అడుగుపెట్టింది. అప్పట్లో కూడా కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్నచోట టిక్కు పెట్టాలి, పెట్టగానే అది విండోస్ సీడీ అడిగేది. ఆ సీడీ ఉన్న ఇల్లు వీధికొకటి ఉంటే గొప్ప. యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాముకు తెలుగు అక్షరం ఎదురైతే దాన్ని ప్రశ్నార్థకంగా మార్చుకుంటుంది. విండోస్ ఫైలు పేర్లలో ప్రశ్నార్థకం నిషిద్ధం. ఇన్‌స్టాలర్ ముందుగా తన సరంజామా అంతా విప్పుకునేది యూజర్ ఫోల్డర్ లోపలి టెంప్‌లో. ఆ దారే పలకలేని ప్రోగ్రాము అక్కడ ఫైలు ఎలా రాస్తుంది?

అకౌంట్ పేరు కంట్రోల్ ప్యానెల్‌లో మార్చుకోవచ్చు గానీ ఫోల్డర్ పేరు దాంతోపాటు మారదు. అందుకని సీలో ఇంగ్లిష్ పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టి, ఏ ఫోల్డర్ ఎక్కడుందో ప్రోగ్రాములకు చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో టెంప్, టీఎమ్‌పీ రెండింటినీ అటు తిప్పాను. రీస్టార్ట్ చేసి మళ్ళీ ఇన్‌స్టాలర్ నడిపితే ఎక్కింది.

‘అయితే నా పేరు తెలుగులో రాయడం తప్పంటావా?’ అన్నారు బాబాయి.

‘తప్పు మీది కాదు బాబాయ్, ఆ ప్రోగ్రాముది’ అన్నాను. ఆయన తృప్తిపడలేదు. నిజానికి పడనక్కరలేదు కూడా. విండోస్ తెలుగు పేరు తీసుకుంటానని ఒప్పుకుంది, ఆయన ఇచ్చారు. మాట తప్పింది ఆయన కాదు.

నేను ఈ కథ చెప్పడానికి కారణం వేరే. ఆ రోజు ఫార్మాట్ చేయించి ఉంటే ఏమయ్యేది? కొత్త విండోస్ మళ్ళీ పేరు అడిగేది, బాబాయి మళ్ళీ తెలుగులోనే రాసేవారు, అదే ఎర్రర్ మళ్ళీ వచ్చేది. ఈసారి ‘మదర్‌బోర్డు పోయింది సార్’ అనేవారేమో. కారణం యంత్రంలో లేదు, దాన్ని వాడే మనిషి అలవాటులో ఉంది. యంత్రాన్ని ఎంత కడిగినా అలవాటు కడుక్కుపోదు.

ఇలాంటిదే, ఇంకా చిన్నది, బోడుప్పల్‌లో మా పిన్ని కంప్యూటర్‌లో. ఏ ఇన్‌స్టాలర్ ఆన్ చేసినా సర్వర్‌ను చేరలేకపోతున్నానంటుంది. కుడివైపు కింద గడియారం చూస్తే తేదీ ఏళ్ళ వెనక్కి పోయి ఉంది. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బ్యాటరీ, మూడు వోల్టుల బిళ్ళ, చచ్చిపోయింది. తేదీ తప్పైతే వెబ్‌సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇంకా అమల్లోకి రానివిగా కనబడతాయి, కనెక్షన్ కుదరదు. గడియారాల దుకాణంలో కూడా దొరికే బిళ్ళ అది.

యూట్యూబ్ వైద్యం గురించి కూడా రెండు మాటలు అనాలి. ‘వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ కనబడలేదు’ అని ఎర్రర్ వస్తే, ఆ ఒక్క ఫైలును ఏదో సైటు నుంచి దింపుకుని సిస్టమ్ ఫోల్డర్‌లో పడేయమని చెప్పే వీడియోలు కొల్లలు. ఆ ఫైలు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్‌లో భాగం. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దాన్ని మొత్తంగా ఎక్కించుకుంటే సరిపోతుంది. ఊరూ పేరూ లేని సైటు ఇచ్చే ఫైలులో ఏముందో దేవుడికే తెలియాలి. ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని మొదలయ్యే వీడియోను అక్కడికక్కడే మూసేయడం నా పద్ధతి. ఫార్మాట్‌తోపాటు ‘ఆఫీస్ కూడా వేసి ఇస్తాం’ అనే ఉదారతా ఈ కోవలోదే. ఆ క్రాక్ (లైసెన్సు లేని దొంగ కాపీ) ఆఫీస్ 32 బిట్‌ది అయితే, రేపు మీరు డబ్బు పెట్టి కొన్న 64 బిట్ ఆఫీస్ ‘ముందు దాన్ని తీసేయండి’ అని మొండికేస్తుంది. నిన్నటి ఫార్మాట్ ఇవాళ్టి ఎర్రర్‌కు కారణం కావడం ఇలాగే.

ఫార్మాట్ ఎప్పుడూ వద్దని కాదు. వైరస్ పట్టిందని గట్టి ఆధారం ఉంటే, అది ఎక్కడెక్కడ దాగిందో వెతకడం కంటే తుడిచేయడమే క్షేమం. డిస్కే చచ్చిపోతూ ఉంటే ఫార్మాట్ కూడా దండగ. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టు చూసి కొత్త ఎస్ఎస్‌డీ కొనాలి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయాక, విండోస్ 11కు మారక తప్పదని చాలామంది దుకాణాల చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళలో కొందరికి ‘ఈ పీసీకి ఎక్కదు’ అన్న సందేశం వస్తుంది. అది టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేదన్నందుకైతే, కొత్త కంప్యూటర్ కొనేముందు బయోస్, అంటే విండోస్‌కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర, తెరిచి చూడాలి. ఇంటెల్‌లో పీటీటీ అనీ ఏఎమ్‌డీలో ఎఫ్‌టీపీఎం అనీ అది ఉండి కూడా ఆపి ఉంచిన బోర్డులు బోలెడు. ప్రాసెసరే పాతదైతే, ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరానికి ముందుదైతే, అప్పుడు వేరే సంగతి.

ఇదంతా ఇంట్లో అందరూ నేర్చుకోవాలని నేను ఆశించను. బంధువులు ఫోన్ చేస్తే నేను అడిగేవి కొన్నే. ఎర్రర్ పెట్టె మూసేయకుండా ఫొటో తీసి పంపండి. రీస్టార్ట్ నొక్కారా, షట్ డౌనా? సీలో ఎంత ఖాళీ ఉంది? అంతకుముందు వారంలో ఏం ఎక్కించారు, ఏం తీసేశారు? చివరి ప్రశ్నకు ‘ఏమీ చేయలేదు’ అనే జవాబు వస్తుంది. రిలయబిలిటీ పట్టీ తెరవమంటే రెండు నిమిషాల తరవాత ‘ఓహో, అదా, అది మా అబ్బాయి ఏదో చేశాడు’ అంటారు. సగం కేసులు అక్కడ తేలిపోతాయి.

తేలనివి దుకాణానికి వెళ్తాయి, వెళ్ళాలి కూడా. అక్కడ నేను చేసే ప్రతిపాదన డబ్బుకు సంబంధించినది. కారణం కనిపెట్టడానికి ఒక రేటు, ఫార్మాట్‌కు ఒక రేటు విడివిడిగా బోర్డు మీద రాయమనండి. కారణం దొరకకపోయినా మొదటిది ఇస్తామని మనం ఒప్పుకోవాలి. దొరికితే బిల్లు మీద ఒక వాక్యం రాయించుకోవాలి: ఏం చెడింది, ఏం మార్చారు. మా వీధిలో ఒకతనికి ఈ మాట చెప్పాను. ‘మీరు ఇస్తారు సార్, మిగతావాళ్ళు ఇవ్వరు’ అన్నాడు. నేను తెచ్చిన యంత్రం వరకు ఒప్పుకున్నాడు. బిల్లు మీద ‘పాత ప్రింటర్ డ్రైవర్ పూర్తిగా తీసేసి కొత్తది ఎక్కించడమైనది’ అని రాసిచ్చాడు. ఫార్మాట్‌కు తీసుకునే దానికంటే వంద ఎక్కువే తీసుకున్నాడు, నేను బేరమాడలేదు.